మిగిలిన గోళీలు

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది పద్మకు తప్ప ఎవరికీ తెలియదు. పద్మ నా తోటికోడలు, మా దిక్కు యారాలు అంటారు. గద్వాలలో ఒకే ఇంట్లో ఉంటాం. తను మగ్గం మీద చీరలు నేసేది, నేను కండెలకు దారం చుట్టి ఇచ్చేదాన్ని. నేసేది అంటున్నాను, చూడండి. ఇప్పుడు నేయలేదు.

మొదట కడుపునొప్పి వచ్చింది నాకు. పరీక్ష చేసి పుండు ఉందన్నారు, దానికి ఒక సూక్ష్మజీవి కారణమన్నారు. కడుపులో ఊరే ఆమ్లంలో ఏదీ బతకదనుకుంటాం కదా. ఇది బతుకుతుందట. చుట్టూ సున్నం చల్లుకున్నట్టు ఆ పులుపును విరిచేసుకుని, కడుపు లోపలి జిగురు పొరలోకి దూరి కూర్చుంటుందట. అందుకే మందులు చివరిదాకా వేసుకోవాలని, మధ్యలో ఆపితే చావకుండా మిగిలిన క్రిములు ఇక ఆ మందుకు లొంగవని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. మా ఆయన కూడా విన్నాడు.

నొప్పి తగ్గగానే ఆపేశాను. నోరంతా చేదు, అన్నం సయించలేదు. మా ఆయనతో మాత్రం అన్నీ వేసుకున్నానన్నాను. ఆ తర్వాత పద్మ కూడా కడుపు పట్టుకుని మగ్గం దిగి వస్తుంటే, మిగిలిన గోళీలు తన చేతిలో పెట్టాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. అది తప్పు కాదనను. కానీ ఇంతకాలం నన్ను తింటున్నది అది కాదు.

పద్మకు కొన్నాళ్లు తగ్గి, నొప్పి మళ్లీ వచ్చింది. మా ఆయన, నేను తనను అదే దవాఖానకు తీసుకుపోయాం. తనకూ అదే పుండని తేలింది.

"ఇంతకుముందు ఈ మందులు ఎప్పుడన్నా వాడినవా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

పద్మ నా వైపు చూసింది. మా ఆయన పక్కనే ఉన్నాడు.

"లేదు మేడం, ఏం మింగలే," అన్నాను నేను.

బయటికొచ్చాక పద్మ మెల్లగా అడిగింది. "ఎందుకక్కా గట్ల చెప్పినవు? నాకేమన్నయితదా?"

"ఏం గాదు. మీ బావకు తెలిస్తే నన్ను తిడ్తడు. నువ్వు జర ఊకో."

ఊరుకుంది. మళ్లీ అవే మందులిచ్చారు. ఒక్కటీ వదలకుండా వేసుకుంది. పనిచేయలేదు. చివరికి ఒకరోజు మగ్గం దగ్గరే నెత్తురు కక్కుకుంది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు కానీ, ఇప్పుడు కాసేపు కూడా వంగి కూర్చోలేదు.

నిజం చెప్పి ఉంటే వేరే మందులిచ్చేదేమో. తగ్గేదేమో. తగ్గకపోయేదేమో కూడా. ఆ చివరి మాటను పట్టుకునే ఇన్నేళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. మొగుడి తిట్లు ఎంతసేపుంటాయి? ఒక పూట. ఆ ఒక్క పూట తప్పించుకోవడానికి పద్మకు మగ్గమే లేకుండా చేశాను. అంత పిరికిదాన్నా? అవును.

ఇప్పుడు తనకు కారం లేకుండా విడిగా వండుతాను. చుట్టాలు చూసి, "యారాలంటే గిట్లుండాలె" అంటారు. సిగ్గుతో చచ్చిపోతాను, అయినా ఒక్కసారీ కాదనలేదు. పద్మ కూడా కాదనదు. తలవంచుకుని అన్నం కలుపుకుంటుంది.

తను నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్తున్నాను: ఆ గోళీలు ఇచ్చింది నేను, దాచింది నేను. ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది.