గుడ్లగూబ కోసం ఒక ఎలుక

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక పశువుల దవాఖానలో పని నేర్చుకుంటున్నాను. రెక్క విరిగిన గుడ్లగూబను ఎవరో మా దగ్గర వదిలి వెళ్లారు. విషం తినని ఎలుక కావాలని, అది పక్షిని కరవకుండా ముందే చంపి పెట్టాలని డాక్టరు సారు చెప్పారు. మా ఇంట్లో బోనులో పడిన ఎలుకను ఈ రోజు అమ్మ ఆటోలో తెచ్చింది.

"బకెట్ల నీళ్లున్నయి గద, బోను ముంచు," అంది.

"వద్దమ్మా. ఊపిరాడక శానసేపు కొట్టుకుంటదంట. తల మీద ఒక్క దెబ్బ గట్టిగ పడితె దానికి తెల్వకుంటనే పోతదని సారు చెప్పిండు."

"మరి కొట్టు."

కర్ర పట్టుకున్నాను కానీ చెయ్యి లేవలేదు. అమ్మకిచ్చాను. ఆమె కూడా కొట్టలేదు.

"నీళ్లల్ల వెట్టి మొకం తిప్పుకుంట గని, గిట్ల సూసుకుంట కొట్టుడు నాతోని గాదు బిడ్డా!"

చివరికి సారే వచ్చి, గుడ్డలో పట్టుకుని ఒక్క దెబ్బతో పని ముగించారు. నిన్నటి నుంచి ఏమీ ముట్టని గుడ్లగూబ దాన్ని మింగింది. నాకు సంతోషమేసింది. సంతోషమేసినందుకు మనసు ఏదోలా అయింది.

వెళ్లేటప్పుడు అమ్మ అడిగింది: "ఇన్నేండ్లు ముంచిన. ఇప్పుడు దానికి గంత తిప్పలని జెప్పి పరేషాన్ జేస్తివి. రేపు ఇంట్ల ఇంకోటి పడితె ఏం జెయ్యాలె?"

సారు మా ఇంటికి రారు కదా. సాయంత్రం నుంచి అదే ఆలోచిస్తున్నాను. నిజం చెప్పండి, మీరైతే కొట్టగలరా?