పేరు తెలియని కోర్టు నవల

మీ చేత ఒక నవల చదివించాలని ఉంది. పేరు మాత్రం అడగొద్దు, నాకు తెలియదు. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్లో తీసుకునేటప్పటికే దానికి అట్ట ఊడిపోయింది. కొట్టతను సిమెంటు సంచి కాగితం అంటించి, మీద ఎర్ర సిరాతో నంబరు వేశాడు. కథ ఒక నర్సుది. ఆమె మీద హత్యానేరం మోపుతారు. మధ్యలో ప్రేమ గోల ఒక ఇరవై పేజీలుంది, వదిలేయండి. కోర్టు భాగం మాత్రం ఒక్క వాక్యం కూడా వదలొద్దు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అంతకు ముందు వేలిముద్రే. నా భర్త పోయిన ఏడాది మా మరిది ఒక కాగితం తెచ్చాడు.

"వదినా, మోటారు కరెంటు నీ పేరు మీదకి మారాలంట. ఇక్కడ వేలెయ్యి."

వేశాను. ఏడేళ్ల తర్వాత ఆ కాగితమే నందిగామ కోర్టుకెక్కింది. నా రెండెకరాల మిరప చేను అతనికి అమ్మేసినట్టు అందులో రాసి ఉంది. ఆ చేను పోతే నాకు తిండి లేదు.

ఆ ఏడేళ్ల మధ్యలోనే నేను వయోజన విద్యలో చేరి పలక పట్టాను. "ఇప్పుడు చదివి ఏం చేస్తావే, తాసిల్దారువవుతావా?" అని నాతో మిరపకాయలు కోసే ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "అవుతా. మీకందరికీ పట్టాలిస్తా. ముందు నోళ్లు ముయ్యండి" అనేదాన్ని.

వచ్చే వాయిదాకి బోనెక్కాలని మా వకీలు చెప్పిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. కోర్టులో ఏమడుగుతారో, ఎలా అడుగుతారో తెలియదు. అద్దె కొట్టుకి వెళ్లాను.

"కోర్టు కథ ఏదన్నా ఉందా?"

"ఉంది పిన్నిగారూ. కానీ గుండె గట్టిగా ఉండాలండి."

"నా గుండె సంగతి నీకెందుకు? ఇవ్వు."

నాకు మనసులో చదువుకోవడం రాదు. ఆలస్యంగా నేర్చుకున్న వాళ్లకి చెవికి వినపడితేనే అర్థమవుతుంది. వాయిదా రోజున పొద్దున్నే బస్సు దిగి, కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని, వేలు పెట్టి పైకే చదువుతున్నాను. నర్సు బోనులో ఉంది. అడిగినదానికి జవాబిచ్చి ఊరుకోక, తన మంచితనం రుజువు చేసుకోబోయి ఒక మాట ఎక్కువ అంది. ఆ మాటతోనే ఇరుక్కుంది. తలెత్తి చూస్తే ఎదురుగా మరిది తరఫు వకీలు. నవ్వి లోపలికి పోయాడు.

మా వకీలు వచ్చి పుస్తకం చూసి అదిరిపోయాడు. "ఏంటమ్మా ఇది? చదువురాని మనిషి చేత వేలు వేయించుకున్నారని కదా మన జవాబు!"

"అప్పుడు రాదుగా బాబూ."

"ఆ సంగతి లోపల జడ్జిగారు నమ్మాలి. అడిగినదానికే చెప్పండి."

పుస్తకం సంచిలో పెట్టేసరికి నా పిలుపు వచ్చింది. బోనెక్కాను.

"మీ సంచిలో ఏముందమ్మా?" అన్నాడు మరిది వకీలు.

"పుస్తకం."

"ఎవరు చదువుతారు?"

"నేనే."

"అయితే మీకు చదువొచ్చు."

వెనక బల్ల మీద మా మరిది కిసుక్కున నవ్వాడు. వాడిని అక్కడే కడిగేద్దామని నోటిదాకా వచ్చింది. నర్సు గుర్తొచ్చింది. పళ్లు బిగపట్టి, "వచ్చు" అని ఊరుకున్నాను. చేను పోయిందనుకున్నాను.

ఆ వకీలు అక్కడితో ఆగి ఉంటే పోయేదేమో. "ఏదీ, చదవండి" అన్నాడు. పుస్తకం తీశాను. వేలు వరస తప్పింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు వరసలు చదివాను. ఒత్తు దగ్గర ఆగిపోయాను. ఎవరూ నవ్వలేదు.

జడ్జిగారు కలం కింద పెట్టారు. "ఎప్పుడు నేర్చుకున్నారమ్మా?"

"నాలుగేళ్లయిందండి."

మా వకీలు లేచి వయోజన విద్య రిజిస్టరు తెప్పించమని అర్జీ పెట్టాడు. తర్వాతి వాయిదాకి అది వచ్చింది. చేరిన రోజున నా పేరు ఎదురుగా ఉన్నది నా వేలిముద్రే. మరిది కాగితం మీద వేలేసిన మూడేళ్లకి కూడా నాకు సంతకం రాదన్నమాట.

తీర్పుకి ఇంకా నెలలు పట్టింది. అన్నాళ్లూ నేను ఆ నవల ముట్టలేదు. నర్సుకి శిక్ష పడితే నాకూ పడుతుందేమోనని భయం. కొట్టతను రెండుసార్లు కబురు పెట్టినా తిరిగివ్వలేదు.

మరిది దావా కొట్టేశారని, చేను నాకే మిగిలిందని విన్న రోజున ఆ స్తంభం దగ్గరే కూర్చుని, మిగిలిన పేజీలు పైకే చదివాను. బంట్రోతు వచ్చి, "అమ్మా, లోపల కోర్టు నడుస్తోంది, గొంతు తగ్గించండి" అన్నాడు. తగ్గించాను. అతను పోలేదు. స్తంభానికి అటుపక్క నిలబడి చివరిదాకా విన్నాడు.

"మొదలు నేను వినలేదండి. ఆ చంపినోడు ఎందుకు చంపాడో చెప్పండి" అన్నాడు.

"జగ్గయ్యపేట వచ్చి అద్దెకి తీసుకుని చదువుకో" అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.