మంజుల అద్దిన గట్టు

ఆ ఇంట్లో రబ్బరు స్లిప్పర్లు తెగితే పండగే. కథలాపూర్ మండలంలో కూలికి పోయే మంజుల వాటి అట్టలను కడిగి, ఎండబెట్టి, బ్లేడుతో చెక్కి అచ్చులు చేస్తుంది. రంగు పట్టించి గుడ్డ మీద అద్దుతుంది. కోడలు మన కాళ్ల దిక్కే చూస్తుంది గానీ మొహం దిక్కు చూడదని అత్త బాలవ్వ ఎగతాళి. మంజుల పుట్టింది సిరిసిల్లలో, అద్దకం షెడ్డు పక్కన. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. గోడ మీంచి చూసి పట్టుకుంది.

ఆమెకొక మొండి నియమం ఉంది. ఊహలో ఉన్న పువ్వును అద్దదు. పువ్వు ఎదురుగా ఉండాలి, ఆ రోజుదై ఉండాలి. నిరుడు దీనికి ఇంకో మొండితనం తోడైంది. తాను కలుపు తీసే రాజన్న పసుపు చేను గట్టును, ఏడాది పొడుగునా, ఒకే గుడ్డ మీదికి ఎక్కించాలనుకుంది. సిరిసిల్లలో బట్టల దుకాణం నడిపే జలపతి గుడ్డ ఇచ్చి, పూర్తి చేస్తే బతుకమ్మ పండక్కి దుకాణం ముందు వేలాడదీస్తానన్నాడు. మంజులకు అంతకంటే పెద్ద కోరిక లేదు. వంగి పనిచేసే మనిషి పనిని జనం ఒక్కసారైనా తలెత్తి చూడాలి కదా.

చలికాలం పసుపు ఆకు అద్దింది. మోదుగ పూసినప్పుడు దాని రంగు కోసం జగిత్యాల దుకాణాలన్నీ తిరిగి, ఏదీ నచ్చక, ఇంటికొచ్చి మోదుగ పూలనే ఉడకబెట్టింది. ఎండల్లో గాలికి రాలిన మామిడి పిందెలు. వానల్లో గరిక, దాని మధ్య ఎండ్రకాయ బొరియ. ఇక మిగిలింది గునుగు పువ్వు. గునుగు లేనిదే బతుకమ్మ నిలవదు, మంజుల ఏడాదీ ముగియదు.

సరిగ్గా గునుగు తెల్లగా తలెత్తుతుండగా రాజన్నకు పాముల భయం పట్టుకుంది. గట్టు మీద గడ్డిమందు కొట్టించాడు. స్ప్రే పంపు వీపున వేసుకుని పోయింది ఎవరనుకున్నారు? మంజుల మొగుడు ప్రేమ్‌సాగరే. వద్దంటే రేపటి పని పోతుందని భయపడ్డాడు. ఒక మూల వదిలేసినా రాజన్న పట్టించుకునేవాడు కాదు. మహానుభావుడికి అదీ తోచలేదు. ఇంటికొచ్చి పెళ్లానికి చెప్పనూ లేదు.

నాలుగు రోజులకు మంజుల గునుగు కోసం గట్టు మీదికి పోయింది. గునుగు మొత్తం మాడి మెడలు వాల్చేసింది. అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంటికొచ్చి మొగుడి మొహం చూసి, అడగకుండానే సంగతి తెలుసుకుంది.

మర్నాడు ప్రేమ్‌సాగర్ కోరుట్ల అంగడి నుంచి మోపెడు గునుగు తెచ్చి ముందు పెట్టాడు. తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాడు పాపం. బాలవ్వ దాన్ని బతుకమ్మకు తీసుకుంది. మంజుల మాత్రం ముట్టలేదు. అది వేరే ఎవరి గట్టుదో. తన గట్టు మీది మాడిన గునుగునే తెచ్చి, వాలిన మెడను వాలినట్టే చెక్కింది. నలుపు రంగు కలిపి, గుడ్డ పరిచి, అచ్చును మొగుడి చేతిలో పెట్టింది.

తనకు రాదన్నాడతను.

"మందు నువ్వే కొట్టినవ్. గిది గూడ నువ్వే అద్దాలె," అంది మంజుల.

మొదటి అచ్చు ఒక పక్కకు చెదిరింది. ఏడాది పని ఖరాబు చేశానని అతను తల పట్టుకుంటే, మంజుల అచ్చుకు మళ్లీ రంగు పట్టించి చేతికిచ్చింది. గట్టు చివరిదాకా అతనితోనే అద్దించింది.

జలపతి మాట నిలుపుకున్నాడు. పండగ బట్టలకు వచ్చిన ఆడవాళ్లు పసుపు ఆకును తడిమి చూశారు, మోదుగను మెచ్చుకున్నారు. చివరి నల్లటి వరుస దగ్గర ఒకామె ఆగి, ఇక్కడ అచ్చు పాడైందా అని అడిగింది. మంజుల నోరు తెరవబోయింది. అప్పటిదాకా సంచి పట్టుకుని వెనక నిలబడ్డ ప్రేమ్‌సాగర్ ముందుకొచ్చాడు.

"అచ్చు మంచిగనే ఉందమ్మ. గట్టే మాడింది. గడ్డిమందు కొట్టింది నేను."

ఆమె మళ్లీ ఆ వరుసను చూసింది, ఈసారి చాలాసేపు. మంజుల కళ్లు నిండాయి. నలుగురిలో ఎందుకని తల దించుకుంది. దించిన కళ్లు మొగుడి స్లిప్పర్ల మీద పడ్డాయి. ఎడమ చెప్పు పట్టీ తెగేటట్టే ఉంది. వచ్చే చలికాలం పసుపు ఆకు అచ్చుకు అందుతుంది.