బావ కారుకి బిగించిన ఇనపరేకులు

సోమవారం, ఆగస్టు 12, 1957. పొద్దున వాన, తర్వాత ఎండ. వంటింటి కప్పు కారుతుంటే కొత్త ఆకు వేశాను.

మధ్యాహ్నం అక్క కారు చూడటానికి మెకానిక్ సింహాచలం వచ్చాడు. చనిపోయిన బావ విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, తన చేత్తో బిగించుకున్న కారు అది. ఎమర్జెన్సీ రోజుల్లో, రబ్బరు తోట దారిలో అడవి తిరుగుబాటుదారుల కాల్పులకు భయపడి, పక్క కిటికీలతో సహా చుట్టూ ఇనపరేకులు బిగించాడు. ఆయన పోయాక కొట్టంలోనే ఉండిపోయింది. ఈ నెలాఖరున ఈ దేశపు స్వాతంత్ర్య వేడుక, మెర్దెకా చూడటానికి అందులోనే కౌలాలంపూర్ వెళ్లాలని అక్క పట్టు.

సింహాచలం ఒక రేకు సందులో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగిపోయింది.

"నీళ్లు లోపల నిలిచి బాడీనంతా తినేసినాయి బాబూ. ఇప్పుడు ఈ రేకులే దాన్ని నిలబెట్టినాయి. ఇప్పితే కూలిపోతాది లా," అన్నాడు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

"అయితే ఇప్పకు," అన్నాను.

అక్క ఒప్పుకోలేదు. "ఈ రేకులతో నాను రాను. మెర్దెకాకి ఎల్తామా, యుద్ధానికి ఎల్తామా?"

"ఇప్పితే బావ చేసిన కారు మిగలదక్కా."

"ఆ రేకులు కట్టి పాడుసేసింది ఇంకెవరేటి, ఆయనే గదా?"

తీస్తే కారు ఉండదు, తీయకపోతే అక్క ఎక్కదు.

ఇంతలో అక్క తలుపు తీసుకుని, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

"సింహాచలం, నా పక్కనున్నదొక్కటీ ఇప్పు. అన్నేళ్లు ఇందులో తిరిగినాను, దారి ఎలాగుంటాదో సూడనేదు."

సింహాచలం నా వైపు చూశాడు. నేను స్పానర్ అందించాను. రేకు ఊడింది, కారు కొంచెం మూలిగింది, కూలలేదు. మిగతా రేకుల సంగతి మాత్రం నాకింకా తేలలేదు. మీరైతే ఏమంటారు?