నడిమి పొర

చెన్నూరులో ఆ వాడకట్టున ఎవరింట్లో కాన్పయినా నెల తిరగకముందే బొంత కుట్టమని ఒక పాత చీరల మూట కిష్టవ్వ అరుగు మీదికి వచ్చేది. మూట విప్పే ముందు ఆమె ఒకే మాట అడిగేది.

"ఇందుల పోయినోళ్ళ బట్టలు లేవు గదా?"

పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. దినాల నాడే అవి బట్టలుతికే పోశవ్వకు వెళ్ళిపోవాలి. అది ఆమెకు రావలసిన వాటా. అటువంటి గుడ్డ పసిపిల్ల ఒంటికి తగలకూడదని అందరూ నమ్మేవాళ్ళు. కిష్టవ్వ మరీ గట్టిగా నమ్మేది. లేవని చెప్పించుకున్నాకే సూది పట్టేది.

బొంత కుట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తల్లి చిన్నప్పుడే పోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారింటి పాత బొంత ఒకటి తీసుకుని, కుట్టు కుట్టుగా విప్పి చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలే తీసుకునేది. కొత్త బట్ట ముడుచుకుపోయి మిగతా పొరలను గుంజుతుంది. గంజి పోయేదాకా చీరలు నానబెట్టి, ఆరేసి, అలికిన నేల మీద పొర మీద పొర పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టేది. ముందు పొరలు కదలకుండా పొడుగు కుట్లు. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమిదాకా సన్న కుట్లు. పిల్లకు గుచ్చుకోవద్దని ముడిని ఎప్పుడూ పొరల లోపలికి తోసేది.

"నీ బొంతల ఏం మందు వెడ్తవే కిష్టవ్వా?" అనేది పక్కింటి బాలవ్వ. "పిల్లగాన్ని పండవెడ్దామని పక్కల ఒరిగితే, వాడు ఆడుకుంటుండు, నేను గుర్రు కొడ్తున్న!"

"గుర్రు నీది, బద్నాం నా బొంతదా," అనేది కిష్టవ్వ, సూది మీంచి చూపు తీయకుండా.

ఆమె భర్త సాంబయ్య మగ్గం నేసేవాడు. ఇంటి వాడకానికి ధోతి నేస్తే కొసన రెండు ఎర్ర పోగులు వేసేవాడు. ఎందుకని అడిగితే, "నాదని నాకు తెల్వాలె గదా," అనేవాడు. డెబ్భై రెండు కరువు తర్వాత నేసింది అమ్ముడుపోలేదు. మగ్గం అమ్మేసి, దూరాన భీవండిలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి పోయాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. డెబ్భై ఎనిమిదిలో ఆయన రాలేదు, ఆయన సంచి వచ్చింది. పని చేస్తూ చేస్తూ కూలబడ్డాడట. ఊరు దూరమని అక్కడే దహనం చేశారట. సంచి తెచ్చినతను ఆ రెండు మాటలు చెప్పి, నీళ్ళు తాగి, బస్సుకు టైమవుతుందని లేచాడు.

సంచిలో రెండు అంగీలు, ఒక లుంగీ, తువ్వాల, దువ్వెన, ఒక ధోతి. కిష్టవ్వ ధోతి కొస విప్పి చూసింది. రెండు ఎర్ర పోగులు ఉన్నాయి.

దినాల నాడు పోశవ్వ గుమ్మం ముందు కూర్చుని బట్టలు మూట కట్టుకుంటూ అడిగింది.

"గివ్వేనా అక్కా? ధోతి లేదా?"

"గివ్వే," అంది కిష్టవ్వ.

ఆమె శవాన్ని చూడలేదు, బూడిదా చూడలేదు. ఇప్పుడు ధోతి కూడా పోతే ఇంక ఆయనదంటూ చేతికి తగిలేది ఏదీ ఉండదు. ఆ వారంలోనే ధోతిని నడుమ పెట్టి, పైన రెండు, కింద రెండు తన చీరలు వేసి బొంత కుట్టింది. అంత సన్న కుట్టు ఆమె అంతకుముందు కుట్టలేదు, ఆ తర్వాతా కుట్టలేదు. పద్నాలుగేళ్ళు ఆ బొంతే కప్పుకుంది. ఏడాదికోసారి పోశవ్వ దాన్ని, ఊరంతా గంగ అని పిలిచే గోదావరికి తీసుకుపోయి ఉతికి తెచ్చేది. ఇంకెవరినీ కిష్టవ్వ దాన్ని ముట్టనివ్వలేదు. తండ్రి పోయిననాటికి కొడుకు అంబదాస్‌కు పదేళ్ళు. అవ్వకు ఆ ఒక్క బొంత మీద ఎందుకో అంత పిసినారితనం అనుకుంటూనే పెరిగాడు.

అంబదాస్ బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. పెళ్ళయింది. తొంభై రెండు జనవరిలో అతని భార్య నర్మద మంచిర్యాలలోని పుట్టింటి నుంచి మూడు నెలల ఆడపిల్లతో వచ్చింది. ఇంట్లోకి చలి సూటిగా దూరే రోజులు. అప్పటికి కిష్టవ్వ చూపు మందగించి రెండేళ్ళయింది. సూదిలో దారం ఎక్కదు. మనవరాలి కోసం మూడుసార్లు చీరలు పరిచింది. మూడుసార్లూ కుట్టు వంకర పోయింది, సూది వేలికి దిగింది. చీరలు మడిచి పెట్టేసింది.

"అత్తా, నీ బొంతనే ఇయ్యరాదా? ఎంత మెత్తగున్నది," అంది నర్మద.

"అది వద్దు బిడ్డా. పాతది."

"పాతదే మంచిదని ఊరందరికి నువ్వే చెప్తవట గదా?"

కిష్టవ్వ బొంతను మడిచి తన మంచం తలాపున పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె గిర్నీ నుంచి పిండి పట్టించుకుని వచ్చేసరికి పిల్ల ఆ బొంత మీద పడుకుని ఉంది. చెంప బొంతకు ఆనించి నిద్రపోతున్నది. కిష్టవ్వ పిండి డబ్బా కింద పడేసి, పిల్లను లాక్కున్నట్టుగా ఎత్తుకుంది. పిల్ల కెవ్వుమంది. పెరట్లోంచి నర్మద ఉరికి వచ్చింది.

"ఏమైందత్తా, తేలు గిట్ల కుట్టిందా?"

"దీని మీద పండవెట్టద్దని చెప్పిన గదా!"

పొద్దు గూకాక అంబదాస్ వచ్చి విన్నాడు. "ఊరోళ్ళ పిల్లలందరికీ కుడితివి. నా బిడ్డ పంటె నీ బొంత మైలవడ్తదా అవ్వా?"

"బొంత గాదురా..." అని ఆగిపోయింది కిష్టవ్వ.

"మీరు కొట్లాడకుండ్రి," అంది నర్మద, పిల్లను భుజాన వేసుకుంటూ. "రేపు పదకొండు గంటల బస్సుకు నేను మా అవ్వగారింటికి పోత. ఆడ చెద్దర్లన్న ఉన్నయి."

తెల్లవారి అంబదాస్ దుకాణానికి పోగానే కిష్టవ్వ వాకిట్లో ఎండలో మంచం వాల్చింది. బొంత దాని మీద పరిచింది. అసలు సంగతి చెబితే కొడుకు మొత్తం బొంతనే బయట పారేయమంటాడు. చెప్పకపోతే పిల్ల బస్సెక్కి వెళ్ళిపోతుంది. నడిమి ధోతి ఒక్కటి తీసేద్దామని సగం బ్లేడు తీసుకుని అంచు దగ్గర మొదటి కుట్టు కోసింది. చూపుతో పని లేదు. ఆ కుట్లన్నీ ఆమె వేళ్ళకు తెలుసు. సన్నగా కుట్టినందుకు విప్పడం అంత కష్టమైంది. ధోతి ధోతిగా రాలేదు. కుట్టు కుట్టుకూ చిల్లులు పడి, చీరలకు అంటుకుపోయి, పీలికలుగా వచ్చింది.

పిల్లను భుజాన వేసుకుని, సంచి పట్టుకుని బయటికి వచ్చిన నర్మద గడపలోనే నిలబడిపోయింది.

"నా బిడ్డకు ఇయ్యద్దని కోస్తున్నవా అత్తా?" అంది. "గంత చేదైతిమా మేము?"

కిష్టవ్వ ఒక పీలిక ఎత్తి చూపింది. మాసిన తెలుపు మీద రెండు ఎర్ర పోగులు. వాటి సంగతి అంబదాస్ పెళ్ళయిన కొత్తలోనే నర్మదకు చెప్పాడు, తండ్రి గురించి అతనికి గుర్తున్నది అదే. నర్మద సంచి కింద పెట్టింది.

"మామదా?"

"ఆయనదే."

"చెప్తే నేను అడుగుతుంటినా అత్తా?"

"చెప్తే ఉంచనిత్తురా?"

నర్మద పిల్లను ఒళ్ళో వేసుకుని మంచం పట్టె మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి పీలికలు ఏరారు. సందు చివర పదకొండు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నడిమి పొరకు తన చీర ఇస్తానంది నర్మద.

"అది నిన్న మొన్నటిది. గుంజుతది," అంది కిష్టవ్వ. "నాలుగు పొరలే చాలు."

నర్మద దారం ఎక్కించింది. కిష్టవ్వ కుట్టు పడాల్సిన చోట వేలు పెట్టి చూపుతూ పోయింది. "సన్నగ వెయ్యి... ఇంక సన్నగ. ముడి లోపలికి తొయ్యి."

సాయంత్రం ఉతికిన బట్టలు ఇవ్వడానికి వచ్చిన పోశవ్వ ముందు కిష్టవ్వ పీలికల చేట పెట్టింది.

"నీకు రావాల్సిందే పోశవ్వా. ఆనాడు అబద్ధమాడిన."

పోశవ్వ చేటలో చెయ్యి పెట్టి చూసింది. "నాకెర్కనే అక్కా. ఏటేటా ఆ బొంతను గంగల ఉతికింది నేనే గదా. నడిమి పొర నీళ్ళు తాగి గంత బరువెక్కుతుండె. చీరకు గా బరువుంటదా?"

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"ఏమని అడుగుదు?"

పీలికలు కొంగులో మూట కట్టుకుంటూ, ఎర్ర పోగులున్న ముక్క ఒకటి తీసి ఆమె ముందుకు చాపింది పోశవ్వ. "గిది ఉంచుకో."

కిష్టవ్వ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. "వద్దు. ఇంట్ల పసిపిల్ల ఉన్నది."

"సరే. గంగల ఇడుస్త," అని లేచింది పోశవ్వ.

లోపల పిల్ల నిద్రపోయింది. నర్మద కుట్లు కొన్ని పొడుగ్గా, కొన్ని వంకరగా ఉన్నాయి. కిష్టవ్వ బొంతను పిల్లకు కప్పి, అంచు నుంచి నడిమిదాకా అరచేత్తో నిమిరింది.

"పల్చగున్నది," అంది.

"సరిపోతదత్తా."

కిష్టవ్వ తల ఊపింది. చెయ్యి మాత్రం నడుమ నుంచి తీయలేదు.