ఎవరూ పరీక్షించని కళ్ళు

చిన్నతల్లి పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే. అంత పెద్ద ఇంజన్ల పక్కన యాభై నాలుగేళ్ళు నిబ్బరంగా బతికిన మనిషికి భయం పట్టుకున్నది భర్త మోటార్‌సైకిల్ వెనక కూర్చున్నప్పుడు.

భర్త పైడిరాజు ముప్పై ఏళ్ళు గూడ్సు రైళ్ళు నడిపాడు. ఈమధ్యే అతన్ని ఇంజన్ల షెడ్‌లో కాగితాల పనికి మార్చారు. మనుషులు చాలక మార్చారని ఇంట్లో చెప్పాడు.

ఒక సాయంత్రం అదే ఊళ్ళో, తోర్వా పేటలో చుట్టాలింటి నుంచి బండి మీద వస్తున్నారు. ఇనుప చువ్వలతో ఒక ట్రాక్టరు ట్రాలీ, వెనక దీపం లేకుండా, రోడ్డు మీదే ఆగివుంది. బండి వేగం తగ్గుతుందనుకుంది చిన్నతల్లి. తగ్గలేదు. రెండు చేతులతో అతని భుజం పట్టి పక్కకు లాగింది. చువ్వ కొస తగిలి ఆమె చెంగు చిరిగింది.

పైడిరాజు బండి ఆపి వెనక్కి తిరిగాడు. "ఏటైందే? అలా లాగేవేటి?"

అతనికి ట్రాలీ కనబడనేలేదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆమె మళ్ళీ బండి ఎక్కలేదు. బండి తోసుకుంటూ ఇంటికి నడిచారు. దారిలో అతను నిజం చెప్పాడు: రైల్వే డాక్టరు మసకవెలుతురులో చూపు చాలదని తేల్చి ఇంజన్ మీంచి దింపేశాడట.

"మరి లైసెన్సు నిరుడే కొత్తది చేయించేరు గదా. అప్పుడు కళ్ళు సూడనేదేటి?"

"ఎవరు సూస్తారు? డాక్టరు సంతకం ఏజెంటే తెచ్చేసేడు. ఇంకా నాలుగేళ్ళుంది."

"రైలుకి అలా కుదరదు గదా."

"రైలు యెనక నాలుగు వేల టన్నులుంటాది."

"బండి యెనక నేనుంటాను."



రెండ్రోజులు అతను బండి మీదే డ్యూటీకి వెళ్ళాడు. అతను ఇంటికి చేరేదాకా ఆమె గుమ్మం వదల్లేదు. మూడోనాడు అతన్ని వెంటబెట్టుకుని లైసెన్సుల ఆఫీసుకు వెళ్ళింది. ఈయన కళ్ళకు పరీక్ష పెట్టమని హిందీలో అడిగింది. క్లర్కు లైసెన్సు కార్డు తిరగేసి చూశాడు.

"గడువు తారీఖు ఇంకా ఉంది కదమ్మా. ఎవరూ అడగందే మీకెందుకీ తిప్పలు?"

అప్పటిదాకా తలవంచుకున్న పైడిరాజు కార్డును బల్ల మీదికి జరిపాడు. "రద్దు చేసేయండి సాబ్. ఎదురుగా ఉన్న ట్రాలీ నాకు కనబడలేదు."

"అచ్ఛా," అని క్లర్కు దరఖాస్తు కాగితం వెతికాడు.

పని ముగిసేసరికి సందె పడింది. షేర్ ఆటో ఎక్కారు. డ్రైవరు ముఖం అద్దానికి ఆనించేంతగా ముందుకు వంగి, కళ్ళు చికిలించి నడుపుతున్నాడు. చిన్నతల్లి భర్త చెయ్యి పట్టుకుని, స్టేషన్ దాకా ఆ డ్రైవరు బదులు తానే రోడ్డు చూసింది.