గాలానికి కట్టిన ఈక

మామ పోయాడని ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చేసరికి నేను నంద్యాల బస్టాండులో ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. ఆ ఆదివారం కుందూ ఏటికి చేపలు పట్టడానికి పోదామనుకున్నాం. నిద్రలోనే ప్రాణం పోయిందట.

మామ మా అమ్మకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు ఊటీలో ఒక పెద్దమనిషికి కారు నడిపాడు. గాలం వేసే ఆ వింత పద్ధతి అక్కడే నేర్చుకున్నాడు. ఎర ఉండదు. కోడి ఈకను గాలానికి దారంతో చుట్టి పురుగులా తయారుచేసేవాడు. తాడును తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి ఈకను నీళ్ల మీద వాల్చేవాడు. అత్త పెంచే పుంజు మామను చూస్తే చాలు, పరుగో పరుగు.

పట్టిన ప్రతి చేపనూ వదిలేసేవాడు. నాకు ఒళ్లు మండి ఒకసారి అడిగేశాను.

"ఎర పెడితే దాని కడుపులోకి ఏమన్నా పోతాది. మనం ఈక సూపిచ్చినాం. మోసం చేసి పట్టినదాన్ని ఎట్ల తింటాం అల్లుడా?" అన్నాడు.

మరి పట్టడమెందుకంటే మళ్లీ తాడు ఊపాడు. అత్తకు మాత్రం చెప్పొద్దన్నాడు, కూరకు వచ్చేదాన్ని ఏటిపాలు చేశానని తిడుతుందని. దాంతో ఆయనకు చేపలు పట్టడమే రాదని వీధి వీధంతా నవ్వేది. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తే. ఆమెతో కలిసి మామా నవ్వేవాడు.

దినాల రోజు ఆయనకిష్టమైనది పెట్టాలని అత్త పెద్ద చేప తెప్పించి పులుసు చేసింది. బతికినన్నాళ్లూ ఒక్కటీ పట్టలేకపోయాడు, ఇదన్నా తిననీ అని ఏడ్చింది. మిద్దె మీద ఆకు పెట్టాం. కాకి వచ్చి పిట్టగోడ మీద కూర్చుంది కానీ ముట్టలేదు. ఏం కోరిక మిగిలిపోయిందోనని చుట్టాలు గొణుగుతుంటే అత్త ఆకును మళ్లీ మళ్లీ సర్దుతోంది. తనే ఏదో తప్పు చేశాననుకుంటోంది. నేను చూడలేకపోయాను. మామ నాకిచ్చిన ఈక గాలాన్ని అగ్గిపెట్టెలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను.

అత్త ఆకు ముందు కూర్చుంది. ఆకులోని చేప ముక్కలను ఒక్కొక్కటే తీసేసింది.

"ఇన్నేండ్లు ఆయప్ప నాకు గూడా ఈకే సూపిచ్చినాడు" అంది.

అది కోపమో ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పి మంచి చేశానో లేదో కూడా తెలియదు. అది తలుచుకుంటే నిద్ర పట్టదు.

ఆ రోజు ఆకులో వట్టి అన్నం మిగిలింది. కాకి దానివైపు చూడటం లేదు. అత్త అరచేతిలో గాలికి కదులుతున్న ఈకనే చూస్తూ అది పిట్టగోడ మీద ఒక అడుగు ముందుకు వేసింది. అత్త మెల్లగా ఆ చేతిని కొంగు చాటుకు తీసుకుంది.